మిగిలిన క్లాసులు

నవంబర్ 4, సోమవారం

మొదటి క్లాసు అయింది. మాట్లాడిన మాటలు: పదకొండు. చాక్‌పీసులు: ఒకటి, అదీ విరిగింది. మిగిలిన క్లాసులు: 17.

రోజూ లెక్క రాయడం షాపు పెట్టినప్పటి అలవాటు. ఈ పుస్తకం ముందు నుంచి షాపుది, వెనక నుంచి బడిది. రెండూ కలుసుకునేలోపే బడిది ముగిసిపోతుంది.

ఈ పని ఎలా వచ్చిందో ఒకసారి రాసి పెట్టుకుంటాను. హెడ్మాస్టర్ భీమేశ్వరరావు గారు ఆఫీసు ప్రింటర్ బాగుచేయించుకోవడానికి బరంపురం బడా బజార్‌లో నా రిపేరు షాపుకి వచ్చారు. బల్ల మీద పైథాన్ పుస్తకం చూశారు.

"ఇది నీకు వచ్చా కూర్మయ్యా?"

"కొంచెం."

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"పాత కాగితాల కొట్లో దొరికిన పుస్తకాల్లో."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. తొమ్మిదో తరగతికి శని, ఆదివారాలు తప్ప రోజూ చివరి పీరియడ్ ప్రోగ్రామింగ్ చెప్పమన్నారు. పద్దెనిమిది క్లాసులు. నెలాఖరున బడిలో ఎగ్జిబిషన్. పిల్లలు అందులో ఏదైనా చేసి చూపిస్తే కంప్యూటర్ పీరియడ్ ఉంటుంది. లేకపోతే ఆ గది ఆటసామాన్ల స్టోరు అవుతుంది. వ్యాయామం మాస్టారు ఎప్పటి నుంచో అడుగుతున్నారట.

నాకేం. షాపు ఉంది.

నవంబర్ 5, మంగళవారం

మాటలు: నలభై దాకా. అన్నీ బోర్డుకే.

ఆఖరి బెంచీలో శంకర్ అని ఒకడున్నాడు. లేచి నిలబడి చాలా మర్యాదగా అడిగాడు: "సారూ, పాఠం బోర్డుకా, మాకా?"

అందరూ నవ్వారు. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే మొహాలు ఉంటాయి. బోర్డుకి మొహం లేదు, అందుకే దానితో చనువు.

ఇంట్లో మాధవి అడిగింది. "ఎలా సెప్పారండీ?"

"బాగానే."

"అంటే ఏటీ సెప్పలేదన్నమాట."

పదిహేడేళ్ళ కాపురంలో నా "బాగానే"లన్నిటికీ ఆవిడ దగ్గర అర్థాలున్నాయి. మిగిలిన క్లాసులు: 16.

నవంబర్ 6, బుధవారం

కరెంటు లేదు. మా గదిలో అయిదు కంప్యూటర్లలో పనిచేసేవి మూడు. ఇవాళ అవీ లేవు. ముప్ఫై ఒక్క మంది నా వైపు చూస్తూ కూర్చున్నారు. అప్పుడు నోట్లోంచి ఒక మాట వచ్చింది. ముందు అనుకున్నది కాదు.

"ఇవాళ నేనే కంప్యూటర్ని. ఏం చెయ్యాలో చెప్పండి. చెప్పిందే చేస్తాను. చెప్పనిది చెయ్యను."

ఆ తర్వాత ఇక మాట్లాడే అవసరం లేకపోయింది. ఇంత సుఖంగా ఉంటుందని తెలిస్తే సోమవారమే ఫ్యూజు పీకేసేవాణ్ని.

ముందు సౌందర్య లేచింది. చికిటి దగ్గర పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్ల. "సారూ, కూర్చోండి" అంది. ఉన్నచోటే నేల మీద కూర్చున్నాను.

"అయ్యో, కుర్చీలో సారూ."

నేల మీద కూర్చునే ఉండి కుర్చీ వైపు చూశాను. లేవమని ఎవరూ చెప్పలేదు.

బేబీకి విషయం అర్థమైంది. బజారులో చేపలమ్మే కాసమ్మ గారి మనవరాలు. గొంతు కూడా బజారుదే. "లెగండి. కుర్సీ కాడికి నడవండి. కుర్సీకి వీపు పెట్టండి. ఇప్పుడు కూకోండి." కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. కూర్చున్నందుకు నాకు చప్పట్లు కొట్టడం ఇదే మొదటిసారి.

అప్పుడు శంకర్: "ఇప్పుడు నాను. లెగండి సారూ. గుమ్మం కాసి తిరగండి. ముందుకి నడవండి."

నడిచాను. గుమ్మం దాటాను. వరండా అయింది, మెట్లు దిగాను, గ్రౌండు దాటాను. వెనక ముప్ఫై ఒక్క జతల చెప్పుల చప్పుడు. "సారూ, ఎక్కడికి సారూ?" అంటున్నారు. అది ప్రశ్న, ఆజ్ఞ కాదు. గేటు దాటి గోసాని నువాగాం రోడ్డెక్కాను. టీకొట్టు వాడు ఒడియాలో ఎక్కడికని అడిగాడు. వాడికీ చెప్పలేదు. టీకొట్టు కూడా దాటాను. ఎదురుగా స్కూటర్ వచ్చి ఆగింది. దాని మీద భీమేశ్వరరావు గారు.

అడ్డం వస్తే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. అందుకని స్కూటర్ ముందు ఉన్నచోటే కాళ్ళు ఎత్తి దించుతూ నడుస్తూ ఉండిపోయాను.

"ఏమిటిది కూర్మయ్యా?"

జవాబు చెప్పమని ఆజ్ఞ రాలేదు. ఆయన పిల్లల వైపు చూశారు. పిల్లలు శంకర్ వైపు చూశారు. చివరికి వెనక నుంచి బేబీ అంది: "సారూ, ఆగండి."

ఆగాను.

"ఆ మాట ముందే అనుంటే టీకొట్టు దాకా వచ్చేవాళ్ళం కాదు కదా" అంది సౌందర్య, శంకర్‌తో.

మాటలు: ఇరవై లోపు. మిగిలినవి: 15. కాళ్ళు కొంచెం నొప్పి.

నవంబర్ 7, గురువారం

హెడ్మాస్టర్ గదికి పిలిచారు. చాలాసేపు కాగితాలు సర్దారు. "రోడ్డు మీద పాఠాలొద్దు" అన్నారు. నేను గుమ్మం దగ్గరికి వచ్చాక "వరండా దాకా అయితే ఫర్వాలేదు" అన్నారు. 14.

నవంబర్ 8, శుక్రవారం

కరెంటు ఉంది. పిల్లలు మొదటిసారి లూప్ రాశారు. చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చెయ్యమని కంప్యూటర్‌కి చెప్పడం. ఎప్పుడు ఆగాలో కూడా అందులోనే రాయాలి. నా పుస్తకంలో ఆ సంగతి నూట పన్నెండో పేజీలో ఉంది. వీళ్ళు మొదటి వరుసలోనే రాశారు. నాకు ఇది అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది. నాకోసం ఎవరూ స్కూటర్‌కి ఎదురెళ్ళలేదు మరి.

ఎవరి ప్రోగ్రామైనా ఆగకుండా తిరుగుతుంటే "ఓలమ్మా, నీది టీకొట్టు దాటీసింది" అంటున్నారు. శంకర్ మొదలుపెట్టాడు. 13.

నవంబర్ 12, మంగళవారం

ఒడియా లెక్కలో పున్నమితో ముగిసే కార్తీకానికి ఆఖరి అయిదు రోజులు, పంచుక. బరంపురంలో చేప ముట్టే ఇల్లు దాదాపు ఉండదు. చేపల బజారు ఖాళీ. అందువల్ల కాసమ్మ గారు ఖాళీ. అందువల్ల మా క్లాసు గుమ్మంలో నిలబడ్డారు.

"ఏటి బాబూ, రోడ్డంట నడిసీసిన మాస్టారివి నువ్వేనా?"

"నేనే."

"నాను సూడలేదు. మళ్ళీ నడుస్తావేటి?"

"వరండా దాకానే అన్నారు."

"ఓలబ్బో, పెద్ద కష్టం వచ్చింది పాపం" అని లోపలికి వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. కంప్యూటర్ వైపు చూసి, ఇందులో చేపలు లెక్కపెట్టొచ్చా అని అడిగారు. చేపలు కాదు, బుట్టలు. తెల్లారి ఒడ్డు నుంచి వేన్ వస్తుంది. బుట్ట దించినప్పుడల్లా ఆవిడ ఒక చింతగింజ డబ్బాలో వేస్తారు. చివరికి డబ్బా ఒకటి చెబుతుంది, వేన్‌వాడు ఇంకోటి చెబుతాడు.

"మజ్జిలో ఎవులో ఒకలు పలకరిస్తారు బాబూ. గింజ ఏసానో లేదో మర్సిపోతాను. ఆడితోటి రోజూ తగువే. ఓపాలి ఆడిది తప్పు, ఓపాలి నాది. నాది తప్పయిన రోజు ఇంకా గట్టిగా అరుస్తాను."

బేబీ లేచింది. "సారూ, గింజ బదులు మీట నొక్కితే?"

ఎగ్జిబిషన్‌కి ఏం చెయ్యాలో తేలింది. బుట్ట దించితే పచ్చ కాగితం అంటించిన మీట నొక్కాలి. ఎన్ని అయ్యాయో తెర మీద పెద్ద అంకెల్లో కనిపించాలి. నేను ఒక్క మాట కూడా అనలేదు. అయినా అది నా ఆలోచనే అన్నట్టు అందరూ నా వైపు చూశారు. బాగుంది. 11.

నవంబర్ 13, బుధవారం

బేబీ మొదటి ప్రోగ్రామ్ టీకొట్టు దాటేసింది. రెండోది గుమ్మం దగ్గరే పడిపోయింది. 10.

నవంబర్ 15, శుక్రవారం

కార్తీక పున్నమి. బడి సెలవు. ఊరంతా తెల్లారకుండానే పడవలు వదలడానికి వెళ్ళింది. మాధవి స్నానాల గదిలో బకెట్లో వదిలింది. "ఎక్కడైనా నీళ్ళే కదండీ, చలి మాత్రం ఎందుకు." అరటి డొప్ప పడవ మధ్యాహ్నం దాకా తిరుగుతూనే ఉంది. నేను మూడుసార్లు వెళ్ళి చూశాను.

సెలవు వల్ల ఒక్క క్లాసూ పోలేదు. లెక్కలో ముందే తీసేశాను. ఊరికే సరిచూసుకున్నాను.

నవంబర్ 16, శనివారం

ఛాడఖాయి, కార్తీకం నియమం విడిచే రోజు. నెల రోజులు ఆగిన నోళ్ళన్నీ ఇవాళే తెరుచుకుంటాయి. బజారులో కాలు పెట్టే చోటు లేదు. పదింటికి బేబీ షాపుకి వచ్చింది, ఆకులో చుట్టిన పొట్లంతో.

"మామ్మ ఇమ్మంది."

"ఎందుకు?"

"కంప్యూటర్‌కి కూడా ఆకలేస్తాదంట."

వంజరం ముక్కలు. మాధవి పులుసు పెట్టింది. తింటూ "బడి పని బాగుందండీ" అంది. ఆవిడ బడి గురించి అన్న మొదటి మంచి మాట.

నవంబర్ 20, బుధవారం

పనిచేసింది. పచ్చ మీట నొక్కితే అంకె పెరుగుతోంది. ప్రతిసారీ తెర అడుగుతుంది: ఇంకా బుట్టలున్నాయా? ఉంటే పచ్చ. ఆగే షరతు నేనే స్వయంగా రాసి ఇచ్చాను. బుట్టలు అయిపోయాయి అంటే ఎర్ర మీట. ఎర్ర మీట నొక్కితే మొత్తం చూపించి ఆగుతుంది. చక్కగా ఉంది.

ఒకసారి వాళ్ళ మామ్మ చేత నొక్కిద్దామని బేబీ అంది. ఆవిడకి ఇప్పుడు బజారు తెమలదు, పంచుక అయిపోయింది. చింతగింజలతో మనమే చూసుకుంటే చాలని చెప్పాను. రెండు వందల గింజలు వేసి చూశాం. రెండు వందలూ వచ్చాయి. 6.

నవంబర్ 22, శుక్రవారం

క్లాసు జరుగుతుండగా ఒక మనిషి టేపు పట్టుకుని వచ్చాడు. గోడలు కొలిచాడు. ఇనప ర్యాకులకట. ఫుట్‌బాళ్ళు ఇటు, వలలు అటు అని వ్యాయామం మాస్టారు చూపించారు. ఆయన తప్పేం లేదు. బాళ్ళు ఎక్కడో ఒకచోట ఉండాలి.

"మన గది మనకుండదా సారూ?" అని సౌందర్య అడిగింది.

"ఎగ్జిబిషన్ అయ్యాక చెబుతారు."

"బాగా చేస్తే ఉంటాదా?"

"చెబుతారు."

నాకేం. షాపు ఉంది. 4.

నవంబర్ 26, మంగళవారం

ఈ నెలలో షాపు తొమ్మిది రోజులు త్వరగా మూశాను. ఊరికే రాసి పెడుతున్నాను.

రాత్రి భోజనం దగ్గర మాధవి: "మీకేటీ బెంగ లేదు కదా?"

"నాకేం బెంగ?"

"అదే అంటన్నాను. ఆ ముద్ద పట్టుకుని పది నిమిషాలయింది. నోట్లో ఎట్టుకోమని ఎవరైనా సెప్పాలేటి?"

ఆవిడకి ఆ కథ నేను చెప్పలేదు. బజారంతటికీ తెలుసట. 2.

నవంబర్ 28, గురువారం

0.

నవంబర్ 29, శుక్రవారం

ఎగ్జిబిషన్. వరసగా రాస్తాను, లేకపోతే కలిసిపోతుంది.

జడ్జీలు ఇద్దరు. ఒకాయన ఫోనులో మాట్లాడుతూనే ఉన్నారు. రెండో ఆవిడ కాలేజీలో కంప్యూటర్లు చెప్పే పద్మావతి మేడమ్. మా బల్ల చివర్లో ఉంది. అయినా అందరూ ముందు మా దగ్గరికే వచ్చారు, కాసమ్మ గారు అయిదు బుట్టలు నిజం చేపలతో వచ్చారు కాబట్టి. ఖాళీ బుట్టలు తెమ్మన్నామని బేబీ గొణిగింది. "ఖాళీ బుట్ట తెచ్చి పదిమందిలో ఎడతానా? బాగుంటాదేటే?" అన్నారు ఆవిడ.

అప్పుడే నాకు అర్థం కావలసింది. కాలేదు.

ఆవిడకి చదువు రాదు. అందుకని తెర మీద వచ్చేది పైకి చదివే పని శంకర్‌ది. వాడు మైకు లేకుండానే మైకులా చదువుతాడు. సౌందర్య ఒక్కో బుట్ట దించింది. కాసమ్మ గారు పచ్చ మీట నొక్కారు. మొదటి బుట్టకి "లాభం" అన్నారు, బజారులో ఒకటికి బదులు అలాగే అంటారు. తర్వాత రెండు, మూడు, నాలుగు, అయిదు. మధ్యలో వాచ్‌మేన్ పలకరించాడు. ఆవిడ అతనితో కాసేపు మాట్లాడి మళ్ళీ వచ్చారు. తెర మీద అంకె కదలకుండా ఉంది. "సూసారా, గింజయితే మర్సిపోదును" అన్నారు. జనం నవ్వారు. పద్మావతి మేడమ్ ఏదో రాసుకున్నారు.

శంకర్ చదివాడు: "ఇంకా బుట్టలున్నాయా? ఉంటే పచ్చ మీట. అయిపోయాయి అంటే ఎర్ర మీట."

కాసమ్మ గారి చెయ్యి ఎర్ర మీట దాకా వెళ్ళింది. ఆగింది. వెనక్కి వచ్చి చీర కొంగులో దూరింది.

"మామ్మా, నొక్కు" అంది బేబీ.

"నాను నొక్కను."

"నొక్కితేనే ఆగుతాది మామ్మా."

"నొక్కను అంటంటే. బుట్టల ముందర కూకుని అయిపోయాయి అంటానేటే? పొద్దున్నే అమ్ముకునే నోరిది. నా ఏలు కూడా అనదు ఆ మాట."

తెర ఇంకా అడుగుతూనే ఉంది. ఇంకా బుట్టలున్నాయా? ఫోను జడ్జీ గారు మొదటిసారి ఫోను దించి "ఇరుక్కుపోయిందా ప్రోగ్రామ్?" అన్నారు. భీమేశ్వరరావు గారు నా వైపు చూశారు. ఆయన వెనక వ్యాయామం మాస్టారు కూడా చూశారు. బేబీ తెర వైపు చూస్తోంది. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి.

మా ఇంట్లోనూ బియ్యం డబ్బా అడుగంటినా మాధవి ఆ మాట అనదు. పదిహేడేళ్ళుగా వింటున్నాను. నాకు తెలియనిది కాదు. గింజలతో చూశాను, మనిషితో చూడలేదు. గింజలు ఏ మాటనైనా పడతాయి.

బోర్డు లేదు అక్కడ. తిరిగితే ఎటు తిరిగినా మొహాలే. మాట్లాడాను.

"తప్పు పిల్లలది కాదండీ. ఆ మాట నేను రాశాను. మామ్మ చేత ముందే నొక్కిద్దామని బేబీ అంది. నేనే వద్దన్నాను."

తర్వాత కాసమ్మ గారి ముందు కింద కూర్చున్నాను, ఆవిడ బుట్టల దగ్గర. "బజారులో ఆఖరి బుట్ట దించాక వేన్‌వాడితో ఏమంటారు?"

"ఏటంటాను? మళ్ళీ రేపు అంటాను."

"అంతేనా?"

"ఎంత తగువాడినా అదే అంటాను బాబూ. రేపు రావాలి కదా ఆడు."

లేచి పద్మావతి మేడమ్‌ని రెండు నిమిషాలు అడిగాను. ఎందుకో, ప్రోగ్రామ్ ఏ వరుసలో ఆగుతుందో, ఏం మార్చాలో, జనానికి కూడా చెప్పాను. ఎనభై మాటల దాకా లెక్కపెట్టాను, తర్వాత తప్పింది. గింజ వేశానో లేదో గుర్తులేదు. నేను చెబుతుండగానే బేబీ టైపు చేసేసింది. నేను చెప్పినచోట ఒక్కటే మార్చమన్నాను, ఆ పిల్ల రెండు చోట్ల మార్చింది. రెండోది, ఆఖరున మొత్తం చూపించే చోటు, నేను మర్చిపోయాను.

మళ్ళీ మొదటి నుంచి. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు. శంకర్ చదివాడు: "ఇంకా బుట్టలున్నాయా? ఉంటే పచ్చ మీట. మళ్ళీ రేపు అంటే ఎర్ర మీట."

"ఆ. ఇప్పుడు సెప్పాడు మనిషిలాగ" అని కాసమ్మ గారు ఎర్ర మీట బొటనవేలితో గట్టిగా నొక్కారు. తెర మీద వచ్చింది: మొత్తం 5 బుట్టలు. మళ్ళీ రేపు.

పద్మావతి మేడమ్ బేబీని చాలా అడిగారు. రెండో చోట ఎందుకు మార్చావని అడిగారు. బేబీ చెప్పింది. నేనైతే అంత బాగా చెప్పను. చివర్లో మేడమ్ బుట్టలోకి వంగి "ఇవి అమ్మడానికేనా?" అన్నారు. "లేకపోతే సూడ్డానికేటి తల్లీ" అన్నారు కాసమ్మ గారు. ఫోను జడ్జీ గారు కూడా కొన్నారు. సాయంత్రానికి బుట్టల్లో ఏమీ లేదు. ఎవరూ ఆ మాట అనలేదు.

మాకు రెండో బహుమతి. మొదటిది అగ్నిపర్వతానికి వచ్చింది. నిజంగానే పొగ వచ్చింది దానికి.

గది తాళం వేస్తుంటే పిల్లలు ఒక్కొక్కరే వెళ్ళారు. "మళ్ళీ రేపు సారూ." "మళ్ళీ రేపు." రేపు శనివారం, నాకు క్లాసు లేదు. అసలు ఏ రోజూ లేదు, లెక్క నిన్ననే సున్నా. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు.

హెడ్మాస్టర్ గారు గది సంగతి తేల్చకుండానే స్కూటర్ ఎక్కి వెళ్ళిపోయారు.

నాకేం అని రాయబోయి ఆగాను.

నవంబర్ 30, శనివారం

పదకొండింటికి భీమేశ్వరరావు గారు షాపుకి వచ్చారు. చంకలో ఆఫీసు ప్రింటర్. విప్పి చూశాను. బాగానే ఉంది. కాగితం పెట్టి తీశాను. బాగానే వచ్చింది.

"దీనికేమయింది?"

"ఏమీ అవలేదు. ఉత్త చేతులతో రావడం ఎలాగా అని."

ఇద్దరం కాసేపు ప్రింటర్ వైపు చూశాం. ఆయనా నాలాంటి మనిషేనని ఇన్నాళ్ళూ తెలియలేదు.

"ర్యాకులు స్టాఫ్ రూములో పెట్టిస్తున్నాను" అన్నారు. "వ్యాయామం మాస్టారు అలిగారు. ఆయన అలక రెండు రోజులే."

"ఆఁ."

"సోమవారం చివరి పీరియడ్. గుర్తుంది కదా?"

"ఉందండీ."

ప్రింటర్ మళ్ళీ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. మాధవికి చెప్పాను. "ఎలా ఉందండీ మరి?" అంది. "బాగానే" అన్నాను. ఈసారి దానికేం అర్థం చెప్పలేదు. లోపలికెళ్ళి పులుసు వేడిచేసింది.

సోమవారానికి రెండు చాక్‌పీసులు తీసి పెట్టాను. శంకర్ ఈసారి మెట్లు ఎక్కమనేలా ఉన్నాడు.

మిగిలిన క్లాసులు: ఎన్నని హెడ్మాస్టర్ గారు చెప్పలేదు. ఎప్పుడు ఆగాలో కూడా చెప్పలేదు. నేను అడగలేదు.